కిలోమీటరు ఖరీదు

ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒకచోట ఒక తెల్ల కాగితం ముక్క అంటించి ఉంటుంది. ఫ్రిజ్ వెనక, మిక్సీ అడుగున, ఇస్త్రీపెట్టె పిడి కింద, చివరికి చెప్పుల స్టాండు కాలికి కూడా. కొన్న తేదీ, కొన్న ధర, ఎన్నేళ్ళు పనిచేయాలి అన్నది ఇంటాయన చేతిరాతలో ముత్యాల్లా రాసి ఉంటుంది. ఆయన ఒక బస్సుల కంపెనీలో లెక్కల విభాగానికి పెద్ద. కొత్త బస్సు డిపోలోకి వచ్చిన రోజు నుంచి తుక్కు కిందికి పోయే రోజు దాకా దాని విలువ ఏడాదికి ఎంతెంత తగ్గాలో రాయడమే ముప్పై ఏళ్ళుగా ఆయన పని. ఆఫీసులో వెనకాల ఆయన్ని 'తరుగుదల గారు' అంటారు. ఒకరిద్దరు నోరు జారి ఎదురుగా కూడా అన్నారు. ఆయన ఏమీ అనుకోలేదు. పేరు సరిగ్గానే కుదిరిందనుకున్నారు.

వాళ్ళ ఫ్రిజ్ విలువ ఆరేళ్ళ కిందటే సున్నాకి చేరింది. ఆ సంగతి ఫ్రిజ్‌కి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది ఇంకా నీళ్ళు చల్లబరుస్తోంది.

పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒకసారి అడిగింది, "మరి నాకెక్కడ అంటించారు కాగితం?" అని.

ఆయన నవ్వకుండా, "నువ్వు స్థలం కిందికి వస్తావు. స్థలానికి తరుగుదల ఉండదు," అన్నారు.

అంతకన్నా తీపి మాట ఆ తరవాత ఆయన నోట రాలేదు. ఆవిడ కూడా ఆ ఒక్కదాన్నే జాగ్రత్తగా, పండక్కి కట్టుకునే చీరలా, అప్పుడప్పుడు తీసి చూసుకుని మళ్ళీ మడతపెట్టేది.

వాళ్ళుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. భవనం వెనక వరసగా తొమ్మిది షెడ్లున్నాయి. ఏడో షెడ్డులో, గుడ్డ ముసుగు కింద, చక్రాలు నేలకి తగలకుండా నాలుగు ఇనప స్టాండ్ల మీద ఒక కారు ఉంది. రెండే సీట్లు. నెమలికంఠం రంగు. పక్కన నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది, అంతే. దాన్ని తయారుచేసిన కంపెనీ మూడువందల పన్నెండు కార్లు చేసి, మూడువందల పదమూడో దానికి ఇనుము కొనలేక మూతపడింది.

ఆ కారు ఆవిడ మావయ్యది, అంటే వాళ్ళమ్మ తమ్ముడిది. మావయ్య తూకం యంత్రాలు సరిచేసేవాడు. మిల్లులు, గోదాములు, బజారు దుకాణాలు, ఎక్కడ కాటా అబద్ధమాడుతుంటే అక్కడికి వెళ్ళి దాని చేత నిజం చెప్పించి వచ్చేవాడు. ఎవడో మిల్లు యజమాని కొడుకు మోజు తీరి ఆ కారుని మూలన పడేస్తే, స్కూటరు కోసం దాచుకున్న డబ్బు పెట్టి మావయ్య దాన్ని కొన్నాడు. స్కూటరైతే వానకి తడుస్తామని ఇంట్లోవాళ్ళకి కారణం చెప్పాడు. ఆ కారు టాపు కూడా కారేది. ఆ సంగతి మటుకు చెప్పలేదు.

"మామూలు కారైతే కొన్న రోజు నుంచీ జారుడే," అని ఆయన తరవాతెప్పుడో ఆవిడకి విడమరిచి చెప్పారు. "అరుదైన కారు అలా కాదు. అదీ జారుతుంది. అడుగుకి చేరి కొన్నేళ్ళు అక్కడే పడుకుంటుంది. మిగతావన్నీ తుక్కైపోయాక లేచి కూర్చుంటుంది. మీ మావయ్య సరిగ్గా అది పడుకున్న రోజున కొన్నాడు. మేధావి."

"మేధావి కాదండీ. ఆ రోజు జేబులో అంతే ఉంది."

మావయ్య పెళ్ళి చేసుకోలేదు. రెండో సీట్లో మేనకోడలు కూర్చునేది. లారీల్లో డ్రైవరు పక్కన కూర్చునేది క్లీనరు కాబట్టి ఆవిడ పేరు ఆ కార్లో 'క్లీనరు'. సెలవులొస్తే చాలు, వెనక పెట్టెలో తూకపురాళ్ళు గలగలలాడుతుంటే, ఊరి తరవాత ఊరు. ఆవిడ అద్దం తుడిచేది, మలుపు దగ్గర చెయ్యి బయటపెట్టి ఊపేది, మావయ్య చెప్పే అబద్ధాలన్నీ నమ్మేది. మావయ్య పోతూ పోతూ కారు ఆవిడ పేర రాశాడు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

కారు ఇంటికొచ్చిన నెలలో ఆయన ఎక్కడెక్కడి వేలంపాటల ధరలో తెప్పించి, ఒక పట్టిక గీశారు. మీటరు పద్దెనిమిది వేల నాలుగువందల ఆరు కిలోమీటర్లు చూపిస్తోంది. ఇన్నేళ్ళ కారు అంత తక్కువ తిరగడం అపురూపం. ముప్పైవేలు తిరిగిన కారుకీ దీనికీ మధ్య ధరలో ఎంత తేడా ఉందో చూసి, భాగించి, పెన్ను మూత పెట్టారు.

"కిలోమీటరుకి యాభై," అన్నారు.

"ఏం యాభై?"

"ఇది ఒక్కో కిలోమీటరు కదిలితే మన చేతిలోంచి యాభై పోతుంది. పెట్రోలు కాక."

ఆవిడ ఆ రోజు పొద్దుటే అనుకుంది, సముద్రం దారిలో ఒక్కసారి వెళ్ళొద్దామా అని అడగాలని. అడిగింది కూడా.

"రానూపోనూ డెబ్భై నాలుగు కిలోమీటర్లు," అన్నారాయన. "మూడువేల ఏడువందలు. బస్సులో వెళ్దాం పద, నాకు పాసుంది."

అప్పట్నుంచి కారు స్టాండ్ల మీదే ఉంది. ఆదివారం పొద్దున ఇంజను బిగుసుకుపోకుండా పది నిమిషాలు స్టార్టు చేయాలి. ఆ పని ఆవిడది. తలుపు తీసుకుని, దాదాపు నేల మీద కూర్చున్నట్టు ఆ సీట్లోకి జారి, తాళం తిప్పేది. ఆయన షెడ్డు గుమ్మంలో స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడేవారు. ఆ పది నిమిషాలూ ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడకేసి చూసేది. గోడ మీద పెచ్చులూడిన చోట ఒక మచ్చ ఉంది. తొమ్మిదేళ్ళు ఆ మచ్చ దాకానే డ్రైవింగు. వంటింట్లో గిన్నెలు తోముతున్నా, మార్కెట్టుకి పోవడానికి రోజువారీ చిన్న కారు బయటికి తీస్తున్నా, ఎడమచెయ్యి దానంతటది ఆ గేరు రాడ్డు కోసం తడుముకునేది. ఒక్కసారి. ఆ రోడ్డు మీద ఒక్కసారి. అంతకన్నా ఆవిడ దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

ఆయనకి తెలియనిదీ, ఆవిడకి తెలిసిందీ ఒకటుంది.

ఆ మీటర్లో అంకెలు ఐదే.

ఆవిడకి పదకొండేళ్ళప్పుడు, ఒక గురువారం మధ్యాహ్నం, మావయ్య నేరుగా బడికొచ్చి, పిల్ల పన్ను చూపించాలని టీచరుతో చెప్పి బయటికి తీసుకొచ్చాడు.

"ఏ పన్ను మావయ్యా?"

"ఏదో ఒకటి ఎంచుకో. రేపు టీచరు అడుగుతుంది."

మీటరు అప్పుడు తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై దగ్గరుంది. సముద్రం దారిలో ఉప్పు గోదాములు దాటుతుండగా ఐదు తొమ్మిదులూ ఒకదాని వెనక ఒకటి బద్ధకంగా కదిలి, కాసేపు వంకరగా ఆగి, ఐదు సున్నాలయ్యాయి. మావయ్య కారు పక్కకి ఆపి, "క్లీనరూ, మనం ఇప్పుడు కొత్త కార్లో ఉన్నాం. కాళ్ళు దులుపుకో," అన్నాడు. ఆవిడ నిజంగానే తలుపు తీసి కాళ్ళు దులుపుకుంది.

రెండోసారి సున్నాలు వచ్చేటప్పటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు, కాలేజీ హాస్టల్లో ఉండేది. మావయ్య ముందు రోజే ఫోన్ చేశాడు, రేపు తొమ్మిదింటికి గేటు దగ్గరుండు అని. ఆవిడ స్నేహితురాళ్ళతో సినిమాకి పోవాలనుకుంది. పరీక్ష ఉందని వార్డెన్ చేత చెప్పించింది. మావయ్య ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఆ తరవాత కరెంటు కాటాలు వచ్చి మావయ్య పని మూలపడింది. కారు ఏడాదికి నాలుగుసార్లు కదిలితే గొప్ప. అలా తీరిగ్గా, మూడో చుట్టులో, పద్దెనిమిది వేల దగ్గర ఆగింది.

మరి ఇదంతా ఆయనతో ఎందుకు చెప్పలేదూ అంటే, చెబుదామనే అనుకుంది. కానీ ఆయన ఆ పట్టిక గీసిన సాయంత్రం, "ఇంత తక్కువ తిరిగింది కాబట్టి ఉంచాలి. ఇంకా పెరుగుతుంది. లేకపోతే ఈ నెల్లోనే తీసేసేవాణ్ణి," అన్నారు. ఆవిడ నోటి దాకా వచ్చిన మాట టీతో పాటు లోపలికి పోయింది. అబద్ధం చెప్పలేదు, నిజం మాత్రం వాయిదా వేసింది. ఆ వాయిదా వల్ల కారు ఇంట్లో ఉంది. ఆ వాయిదా వల్లే కదలకుండా కూడా ఉంది. అందులోని తమాషా ఆవిడకి ప్రతి ఆదివారం పది నిమిషాలు అర్థమయ్యేది.

ఈ ఏడాది వేసవిలో ఆయన మోకాళ్ళు మొరాయించాయి. మూడంతస్తులు ఎక్కడానికి రెండుచోట్ల ఆగాల్సొస్తోంది. ఒక సాయంత్రం అలా ఆగి ఆగి వచ్చి, కుర్చీలో కూలబడి చెప్పారు.

"కారు అమ్మేద్దాం."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "పెరుగుతుందన్నారుగా."

"పెరిగింది. ఇంక తగ్గుతుంది. ఈ కార్లంటే పడిచచ్చేవాళ్ళందరూ కుర్రతనంలో వీటిని గోడకి బొమ్మలుగా అంటించుకున్నవాళ్ళు. వాళ్ళకిప్పుడు అరవై దాటాయి. కిందికి వంగి ఇందులోకి ఎక్కలేరు. ఎక్కినా దిగలేరు. పదేళ్ళు పోతే కొనే దిక్కుండదు. నలభై రెండు లక్షలు వస్తుంది. దాంతో లిఫ్టున్న ఇల్లు కొనుక్కోవచ్చు."

"కారు నా పేర ఉంది," అందావిడ మెల్లగా.

"నీ పేరే. అందుకే అడుగుతున్నా."

ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని రుద్దుకుంటున్నారు. ఆవిడ ఆ చేతికేసి చూసి, పొయ్యి తగ్గించి, "సరే, ముందు ధర కట్టించండి," అంది.

ధర కట్టడానికి వచ్చిన వాల్యుయర్ యాభై ఏళ్ళ మనిషి, ఆడమనిషి. ఆయన మగమనిషి కోసం ఎదురుచూస్తూ షెడ్డు ముందు ఆ వాల్యుయర్నే రెండుసార్లు దాటుకుని వెళ్ళారు. వాల్యుయర్ మోకాళ్ళకి తోలు తొడుగులు కట్టుకుని, ఒక పెట్టె తెరిచింది. అందులో టార్చిలైటు, పొడుగు కాడకి బిగించిన చిన్న అద్దం, ఒక అయస్కాంతం, రంగు మందం కొలిచే పనిముట్టు. గంటసేపు తలుపు అంచులు తడిమింది, అద్దంతో కారు అడుగు చూసింది, ఇంజను మీది నంబరు మావయ్య దాచిన కాగితాలతో సరిపోల్చింది.

"రంగు అసలుదే. ఇంజను అసలుదే," అంది చివరికి. "ఎవరో ప్రాణంలా చూసుకున్నారు."

ఆయన ముఖం వెలిగింది. "తొమ్మిదేళ్ళలో ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదండీ."

"ఊఁ." వాల్యుయర్ క్లచ్ పెడల్ మీద టార్చి వేసింది. "ఈ రబ్బరు చూడండి. గీతలన్నీ అరిగి నున్నగా అయ్యింది. పద్దెనిమిది వేలకి ఇలా కాదే."

"మావయ్యగారి బూట్లు కాస్త గట్టివండీ," అన్నారాయన.

"వెనక స్ప్రింగులు కూడా కుంగాయి. బరువులు మోసిందా?"

"తూకపురాళ్ళు," అందావిడ.

వాల్యుయర్ మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. తరవాత ఒక కాగితం తీసి బానెట్టు మీద కాక, తన అట్ట మీదే పెట్టి ఇచ్చింది.

"పాత కార్లలో నేను కళ్ళతో చూసింది సగం, యజమాని మాట సగం. నాకు అనుమానం ఉంది, రుజువు లేదు. ఇక్కడ మూడు గడులున్నాయి. మీటరు చూపేది నిజమైన దూరమే అన్నది ఒకటి. మీటరు చుట్టు తిరిగింది అన్నది రెండు. తెలియదు అన్నది మూడు. మీరు ఎందులో టిక్కు పెట్టి సంతకం చేస్తే నేను దాని ప్రకారం ధర రాస్తాను."

"తెలియదు అని పెడితే?" అన్నారాయన, కుతూహలం కొద్దీ.

"కొనేవాడు తిరిగిందనే అనుకుంటాడండీ."

"అదెందుకులే. తొమ్మిదేళ్ళుగా కళ్ళారా చూస్తున్నాం," అని ఆయన జేబులోంచి తన పెన్ను తీసి, మూత కూడా తనే తీసి ఆవిడకి అందించారు. "మొదటిదాంట్లో పెట్టు."

ఆయన గొంతులో ఇసుమంత అబద్ధం లేదు. అదే ఆవిడకి ఇబ్బందైంది. తెలిసి చెప్పమని ఉంటే ఆ పాపంలో సగం ఆయనకి పంచి ఊరుకునేది. ఆయన గోడకి చెయ్యి ఆనించి, బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడ్డారు. మొదటి గడిలో ఒక గీత గీస్తే ఆయనకి లిఫ్టు వస్తుంది. రెండో దాంట్లో గీస్తే ధర పడుతుంది, ధర పడితే కారు ఇంకొన్నాళ్ళు ఆగుతుందేమో. నిజం చెప్పాలనిపించడానికి నిజాయితీ ఒక్కటే కారణమైతే ఆవిడ తనని తాను మెచ్చుకునేదే. ఆ ఆశ కూడా చంకనెక్కి కూర్చోబట్టి మెచ్చుకోలేకపోయింది. అయినా మావయ్య ముప్పై ఏళ్ళు కూర్చున్న సీటు పక్కన నిలబడి దొంగ సంతకం పెట్టడానికి చెయ్యి సాగలేదు.

రెండో గడిలో టిక్కు పెట్టింది.

ఆయన వంగి చూశారు. "అది కాదు, పైది."

"ఇదేనండీ."

"మీటరు తిరిగిందా? ఎప్పుడు?"

"నాకు పదకొండేళ్ళప్పుడు. గురువారం."

వాల్యుయర్ పెట్టె సర్దుకోవడంలో మునిగిపోయినట్టు తల వంచేసుకుంది.

"ఒకసారేనా?" అన్నారాయన.

"రెండుసార్లు. నేను చూసింది ఒకటే. రెండోసారికి నన్ను రమ్మన్నాడు, నేను వెళ్ళలేదు."

ఆయన మీటరుకేసి చూశారు. ముప్పై ఏళ్ళు అంకెలతో కాపురం చేసిన మనిషి, ఆ ఐదు గళ్ళనీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆరోది ఎక్కడైనా దాక్కుందేమోనని కాబోలు అద్దం అంచు కూడా తడిమారు.

"రెండు లక్షల పద్దెనిమిది వేల నాలుగువందల ఆరు," అన్నారు.

"పదహారు లక్షలు రాస్తాను," అంది వాల్యుయర్. "అంత తిరిగి ఇలా ఉందంటే అది మంచి ధరే. నా మాటగా చెప్తున్నా, తిరిగిన కారు ఆరోగ్యంగా ఉంటుంది. దీన్ని తొమ్మిదేళ్ళు ఇలా నిలబెట్టి రబ్బర్లన్నీ ఎండగట్టారు. ఆ టైర్లు పైకి కొత్తగా ఉన్నాయి, రోడ్డెక్కితే పగుల్తాయి. మార్పించండి."

మూడంతస్తులూ ఆయన కమ్మీ పట్టుకుని ఎక్కారు. ఆగాల్సిన రెండుచోట్లా ఆగారు. ఆవిడ ఒక మెట్టు వెనకగా కుక్కిన పేనులా నడిచింది. ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక అన్నారు:

"తొమ్మిదేళ్ళు నన్ను స్టాప్‌వాచీ పట్టుకుని నిలబెట్టావు."

"వాచీ మీరే తెచ్చుకున్నారు."

"చెప్పొచ్చుగా."

"చెబితే అమ్మేసేవారుగా."

"అమ్మేవాణ్ణి కాదేమో."

ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుని ఆయన కళ్ళలోకి చూసింది. "నిజంగా?"

ఆయన ఆలోచించారు. ఆయనలో ఉన్న గొప్పతనం అదే, అడిగితే నిజంగానే ఆలోచిస్తారు.

"అమ్మేవాణ్ణే," అన్నారు.

వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంది.

"రెండోసారి ఎందుకు వెళ్ళలేదు?" అని ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"సినిమాకి పోయాను."

"బాగుందా?"

"సగంలో నిద్రపోయాను."

మూడు రోజులు ఇంట్లో వాతావరణం పొడిపొడిగా ఉంది. నాలుగో రోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే చెప్పారు. కొనేవాడొకడు దొరికాడు, పదహారుకి ఒప్పుకున్నాడు. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తాడు. పదహారుకి లిఫ్టున్న ఇల్లు రాదు కానీ, రెండు వీధుల అవతల కింది అంతస్తు ఇల్లొకటి ఉంది, ఈ ఇల్లు అమ్మి అది కలిపితే సరిపోతుంది. కిటికీలోంచి చూస్తే ఎదుటివాళ్ళ గోడ తప్ప ఏమీ కనబడదు.

"నాకు గోడలు అలవాటే," అందావిడ.

"నువ్వు వద్దంటే వద్దు. కారు నీది."

ఆవిడ ఆయన బూటు లేసులకేసి చూసింది. కిందికి వంగలేక అలా కట్టుకునే కూర్చున్నారు. ఆవిడ కింద కూర్చుని ముడి విప్పుతూ, "అమ్మేయండి," అంది. గొంతు బాగానే వచ్చింది. ముడి మాత్రం వెంటనే రాలేదు.

"నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది," అన్నారాయన పైనుంచి.

"ఊఁ."

"రెండు లక్షలు దాటిన బండికి ఇంకో డెబ్భై నాలుగు కిలోమీటర్లు కలిస్తే ధరలో తేడా రాదు. పట్టిక మళ్ళీ వేశాను. మూడుసార్లు చూశాను. రాదు."

ఆవిడ తలెత్తలేదు. రెండో బూటు కూడా విప్పి, రెండిటినీ పక్కపక్కన సర్ది, సర్దినవాటినే మళ్ళీ సర్దింది.

ఆదివారానికి మెకానిక్కు వచ్చి టైర్లు మార్చి, కారుని స్టాండ్ల మీంచి దించాడు. షెడ్డు దాటి వెలుతురులోకి వచ్చినప్పుడు దాని రంగు, ఆవిడకి గుర్తున్నదానికన్నా ఒక పాలు ఎక్కువగానే ఉంది. ఆయన పక్క సీట్లోకి ఎక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. ముందు కాలు పెడితే తల పట్టలేదు, ముందు తల పెడితే కాలు పట్టలేదు. చివరికి వెనక్కి తిరిగి, బావిలోకి దిగినట్టు దిగారు.

"మోకాళ్ళు గడ్డానికి తగుల్తున్నాయి."

"అలాగే ఉంటాయండీ. పట్టుకుని కూర్చోండి."

క్లచ్ బరువుగా ఉంది, కానీ కాలికి గుర్తుంది. బజారు వీధిలో జనం ఆగి చూశారు. కూరలమ్మే మనిషి తక్కెడ గాల్లోనే పట్టుకుని నోరు తెరిచింది. ఆయన ఎందుకైనా మంచిదని అందరికీ తల ఊపారు. రైలు గేటు దాటి, ఊరి చివరి మలుపు తిరిగి, సముద్రం దారిలో పడ్డారు. ఆవిడ కాలు అదిమింది. ఇంజను గొంతు విప్పింది. రోడ్డు తిన్నగా, ఖాళీగా, ఎండలో మెరుస్తూ ముందుంది.

తొమ్మిదేళ్ళు గోడ మీది మచ్చలో ఆవిడ చూసుకున్న రోడ్డు ఇదే. అయినా ఏమీ కాలేదు.

ఇంకాస్త దూరం పోతే అవుతుందేమోనని పోనిచ్చింది. రోడ్డు రోడ్డులాగే ఉంది. ఎదురుగా లారీ వస్తే చూసుకోవాలి, గుంట వస్తే తప్పించాలి, అద్దంలో వెనక చూసుకోవాలి. ఆవిడకి తెలిసిన దారి ఇది కాదు. ఆవిడకి తెలిసింది పక్క కిటికీలోంచి కనబడేది. చేత్తో అందుకోవచ్చనిపించే పిట్టగోడలు, గేట్ల కింది కుక్కలు, వంతెన కమ్మీలు ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టేలోపే అయిపోవడం. ఇన్నేళ్ళూ తనకి కావలసింది ఈ స్టీరింగే అనుకుంటూ వచ్చింది.

కారు పక్కకి తీసి ఆపింది.

"ఏమైంది?" అన్నారాయన. "వేడెక్కిందా?"

"లేదు. మీరు నడపండి."

"నేనా? ఇదా?"

"మీరే. నేనటు కూర్చుంటా."

ఆయన వాదించలేదు. తలుపు తీసి, రెండు చేతులతో అంచు పట్టుకుని, మూలుగుతూ బయటికి లేచారు. కారు ముందు నుంచి నెమ్మదిగా చుట్టూ తిరిగి వస్తున్నారు. ఆ కాసేపూ ఆవిడ డ్రైవరు సీట్లోనే ఉంది, పక్క సీటు ఖాళీగా ఉంది. ఇటువైపు నుంచి ఆ సీటు ఖాళీగా ఎలా ఉంటుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చాలా పెద్దగా ఉంది. రెండోసారి సున్నాలు వచ్చిన పొద్దున మావయ్య ఈ రోడ్డు మీదే, ఇలాగే, ఒక కంటితో మీటరునీ ఇంకో కంటితో దీన్నీ చూస్తూ పోయి ఉంటాడు. ఆవిడ చెయ్యి చాపి ఆ సీటు మీది తోలుని అరచేత్తో ఒకసారి తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

"దిగు మరి," అన్నారాయన తలుపు దగ్గర నిలబడి.

సీట్లు మారారు. ఆయన బస్సుల కంపెనీ మనిషిలాగే నడిపారు. ముప్పై దాటలేదు. గేరు మార్చే ముందు గేరుకి మర్యాదగా నోటీసు ఇస్తున్నట్టు ఆగేవారు. వెనక నుంచి సైకిలు బెల్లు వినబడితే దారిచ్చారు. ఆవిడ కిటికీ దించి, గాజు అంచు మీద గడ్డం ఆనించింది. పిట్టగోడ వచ్చింది. పాత గోడ కాదు, ఎవరో కొత్తగా కట్టారు. గేట్లు ఉన్నాయి. కుక్క ఒకటి లేచి, ఈ వేగానికి వెంటపడడం నామోషీ అనుకుందో ఏమో, మళ్ళీ పడుకుంది.

ఆయన నాలుగో గేరులోకి మార్చబోయారు.

"మూడులోనే ఉంచండి," అందావిడ, తల తిప్పకుండా.

"పెట్రోలు ఎక్కువ తాగుతుంది."

"తాగనివ్వండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మూడో గేరులో ఆ ఇంజనుకి ఒక తీరు గొంతుంది. తొక్కిన కొద్దీ సీటు కింద నుంచి మొదలై, వీపులోంచి పళ్ళలోకి వస్తుంది. ఆయన తెలియకుండానే ఇంకాస్త తొక్కారు. నలభై అయింది. వచ్చింది ఆ గొంతు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మూసుకుంటే పక్కన ఎవరైనా ఉండొచ్చు.

"ఎందాకా పోవాలి?" అన్నారాయన కొంతసేపటికి.

"నేను చెప్తాను."

ఉప్పు వాసన వచ్చింది, గోదాములు దాటిపోయాయి కాబోలు. గాలి చల్లబడింది. కారు ఒక వంపు తిరిగి, ఇంకో వంపు తిరిగింది. ఆయన రెండుసార్లు ఆవిడ వైపు చూసి, ఏదో అడగబోయి మానుకున్నారు. డెబ్భై నాలుగులో వెళ్ళే సగం అయిపోయి చాలాసేపే అయ్యుండాలి. ఆవిడ చెప్పలేదు. ఆయన మీటరు చూడకుండా మూడో గేరులోనే పోనిచ్చారు.